పాత పికప్పు, స్పోర్ట్స్ కారు: నాలుగు కిలోమీటర్ల లెక్క



పాత పికప్పు వ్యానునూ స్పోర్ట్స్ కారునూ పక్కపక్కన నిలబెట్టి ఏది గొప్పదని అడిగితే, చాలామంది జవాబు కోసం తడుముకోరు. ఒకటి కోట్లలో మాట, రెండోది పాత బండ్ల బేరంలో లక్షల్లో తేలిపోయే మాట. ఒకటి నాలుగు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. రెండోది వంద దరిదాపులకు వెళితే అద్దాలూ డోర్లూ ఒకటే మోత. ఇంకా పోలికేమిటి అంటారు.

కానీ ఈ ప్రశ్నలో ఒక ముక్క తక్కువైంది. ఏ దారి మీద గొప్ప? బండి సత్తా ఇంజనులో ఎంత ఉన్నా, చక్రాల కింద రోడ్డు ఎంత ఒప్పుకుంటే అంతే బయటికి వస్తుంది. అందుకని ఈ పూట రెండు బండ్లనూ హైదరాబాదు తూర్పు వైపు, మనకు బాగా తెలిసిన దారి మీదికి తెద్దాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా. మొత్తం కలిపి నాలుగు కిలోమీటర్లలోపే.

ఈ దారి ఒకప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు దాని నంబరు 65. విజయవాడ బస్సులు, సూర్యాపేట బస్సులు, నల్గొండ బస్సులు అన్నీ ఈ దారినే ఊళ్లోకి వస్తాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో రైలు మొదలైంది. రోడ్డు నడిమధ్య దాని స్తంభాల వరస. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీ నగర్ స్టేషన్లు. కింద కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, చీరల దుకాణాలు, మిర్చి బండ్లు, గుడికి వచ్చిన జనం, బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డ జనం. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉప్పల్ దారి, సాగర్ దారి, విజయవాడ దారి కలుస్తాయి. అక్కడి రద్దీ తట్టుకోలేక ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు కట్టుకుంటూ వచ్చారు. అందులో ఒక ఫ్లైఓవరు 2023 మార్చిలో తెరిచారు.

ఇక బండ్లు. స్పోర్ట్స్ కారుకు ఉదాహరణగా పోర్షె 911 తీసుకుందాం. 1963లో లోకానికి పరిచయమై, ఇప్పటికీ వస్తున్న కారు. దాని కరెరా మోడల్‌లో మూడు లీటర్ల ఇంజను, 380 హార్స్‌పవర్ చుట్టుపక్కల. పికప్పుకు ఉదాహరణ వెతకాల్సిన పని లేదు. కొత్తపేటలో ఏ సందు మొగలో నిలబడ్డా బొలెరో పికప్పు కనిపిస్తుంది. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, 70 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ. మన బండిని కాస్త పాతదిగానే తీసుకుందాం. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 29 ఉన్నది. రంగారెడ్డి జిల్లాకు ఒకప్పుడు ఇచ్చిన నంబర్లలో అదొకటి. 2014లో తెలంగాణ వచ్చాక కొత్త ప్లేట్లు టీఎస్ అయ్యాయి, 2024 మార్చి నుంచి టీజీ అయ్యాయి. ఏపీ 29 ప్లేటున్న బండి అంటే పదేళ్లు దాటిన బండి. దానికి ఇప్పుడు ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే. కొత్త గూడ్సు బండికి రెండేళ్లకోసారి సరిపోతుంది, ఎనిమిదేళ్లు దాటితే ప్రతి ఏడూ తప్పదు.

ముందు వేగం లెక్క చూద్దాం, కారుకు బలం అక్కడే కదా. సాయంత్రం ఆరింటికి ఈ దారిలో గంటకు ఇరవై కిలోమీటర్ల సగటుతో వెళ్లారంటే అదృష్టమే. నాలుగు కిలోమీటర్లకు పన్నెండు నిమిషాలు. చైతన్యపురి దగ్గర ఎలాగో ఒక రెండు వందల మీటర్లు ఖాళీ దొరికిందనుకోండి. పికప్పు ఆ ముక్కను నలభైతో దాటితే పద్దెనిమిది సెకన్లు. కారు వందతో దాటిందనుకుందాం, ఏడు సెకన్లు. పదకొండు సెకన్లు మిగిలాయి. ఆ మిగిలిన పదకొండు సెకన్లూ ముందు సిగ్నల్ దగ్గర, ఎర్ర లైటు కింద ఖర్చయిపోతాయి. వెనకే పికప్పు వచ్చి పక్కన ఆగుతుంది. కారాయన అద్దంలోంచి చూస్తే పికప్పు తొట్టిలో ఉల్లిగడ్డ బస్తాలు కనిపిస్తాయి, అంతే తేడా.

పైగా నేను వంద అన్నాను కానీ అది చట్టం ఒప్పుకునే వేగం కాదు. వందకు మించి చట్టబద్ధంగా వెళ్లాలంటే పెద్ద అంబర్‌పేట దాకా పోయి అవుటర్ రింగు రోడ్డు ఎక్కాలి. అక్కడ 2023లో గరిష్ఠ వేగాన్ని 120కి పెంచారు. మూడు వందలకు దగ్గర్లో పోగలిగే కారుకు మన ఊరి చుట్టూ ఇచ్చిన పూర్తి స్వేచ్ఛ అదీ.

ఇప్పుడు బలం లెక్క. 70 హార్స్‌పవర్ ఎక్కడ, 380 ఎక్కడ అనిపిస్తుంది. హార్స్‌పవర్ ఎంత కావాలన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: ఎంత బరువును, ఎంత వేగంగా. మన పికప్పు సొంత బరువూ, లోడూ కలిపి మూడు టన్నులనుకుందాం. అది ఎల్బీ నగర్‌లో ఫ్లైఓవరు ఎక్కుతోంది. ముప్ఫై అడుగులు పోతే ఒక అడుగు ఎత్తు లేచే వాలు. వేగం గంటకు ఇరవై. ఆ బరువును ఆ వాలు మీదికి లాగడానికి కావలసింది ఏడెనిమిది హార్స్‌పవర్. టైర్ల రాపిడికి మరో మూడు నాలుగు కలపండి. పదకొండు, పన్నెండుతో పని జరిగిపోతుంది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దానికి రెండు సిలిండర్ల ఇంజను, 702 సీసీ, 16 హార్స్‌పవర్ మాత్రమే. ఈ మాత్రం దానితో ఏం మోస్తుందని నవ్విన వాళ్లున్నారు. ముప్పావు టన్ను పెట్టుకుని ఊరూరా తిరిగింది. ఆ నవ్విన వాళ్ల ఇంటి సామాను కూడా అదే మార్చింది.

మరి కారుకు 380 ఎందుకు? గాలి కోసం. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుపడటం ఎక్కువవుతుంది, దాన్ని చీల్చడానికి కావలసిన బలం ఇంకా దారుణంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి కోసం ఎనిమిది రెట్లు బలం కావాలి. యాభై నుంచి రెండు వందల యాభైకి వెళితే, అంటే వేగం అయిదు రెట్లయితే, నూట ఇరవై అయిదు రెట్లు. ఆ కారు ఇంజనులో ఎక్కువ భాగం ఆ గాలితో పోట్లాడటానికి కట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ పోట్లాట రాదు. అక్కడ పోట్లాట అంతా ఆటోలతో.

ఇంకో మాట. డీజిల్ పికప్పుకు టార్క్ రెండు వందల న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. టార్క్ అంటే మెలితిప్పే బలం. బిగుసుకున్న నట్టు పొట్టి పానాకు కదలకపోతే, పానా వెనక ఒక గొట్టం తొడిగి తిప్పుతాం చూడండి, అప్పుడు మనం పెంచుకునేది అదే. పికప్పుకు ఆ బలం ఇంజను నిదానంగా, నిమిషానికి 1400 చుట్లు తిరుగుతున్నప్పుడే అందుతుంది. కారుకు ఇంతకు రెట్టింపు కన్నా ఎక్కువే ఉంది, ఆ విషయంలో కారును తక్కువ చేయకూడదు. తేడా గేర్లలో ఉంది. పికప్పు మొదటి గేరు చాలా పొట్టి గేరు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకపోయినా, క్లచ్ వదిలేస్తే మనిషి నడక వేగంతో బండి తనంతట తాను పాకుతుంది. మూడు టన్నులతో కూడా.

ఈ పాకుడు విలువ తెలియాలంటే వినాయక నిమజ్జనం నాడు సరూర్‌నగర్ చెరువు వైపు చూడాలి. కాలనీ కుర్రాళ్లు పొద్దున్నే పికప్పు మాట్లాడుకుని వస్తారు. తొట్టికి అరటి బోదెలు కడతారు, ముందు గ్లాసుకు బంతిపూల దండ వేస్తారు. డ్రైవరుకు చూడటానికి ఒక అడుగు సందు వదులుతారు, అదీ బతిమాలితే. విగ్రహం ఎక్కించి, కదలకుండా కింద ఇటుకలూ కర్రలూ బిగించి, తాళ్లతో నాలుగు వైపులా కట్టి బయలుదేరతారు. ముందు డప్పులు, ఆ ముందు డ్యాన్సులు. బండి రెండు అడుగులు కదులుతుంది, ఆగుతుంది. మళ్లీ రెండు అడుగులు. ఇలా కొన్ని గంటలు. బండి కుదుపుతో ముందుకు దూకితే దేవుడు వాలిపోతాడు, ముందు ఆడేవాళ్ల కాళ్ల మీదికి చక్రం వెళుతుంది. ఆ డ్రైవరు చూపించే నేర్పు రేసు డ్రైవరు నేర్పుకు తక్కువేమీ కాదు. ఒకరిది క్షణంలో నూరో వంతు మీద పట్టు, ఇంకొకరిది అంగుళం మీద పట్టు. రెండు వందల యాభై కోసం కట్టిన కారును ఆ ఊరేగింపులో పెడితే, క్లచ్‌కూ గేర్లకూ ఇంజను వేడికీ అది పెద్ద శిక్ష.

ఇప్పుడు ఒంటి సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు గుండ్రంగా, 3.7 మీటర్ల వెడల్పుతో, పది సెంటీమీటర్ల ఎత్తుతో ఉండాలి. పది సెంటీమీటర్లంటే నాలుగంగుళాలు. స్పోర్ట్స్ కారు కడుపు నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో ఉంటుంది. అంటే లెక్క ప్రకారం కట్టిన బ్రేకరు మీదే అది ఊపిరి బిగబట్టి, అడ్డంగా, ఏటవాలుగా ఎక్కాలి. మన కాలనీల్లో లెక్క ప్రకారం కట్టినవి ఎన్ని? ఎవరింటి ముందు వాళ్లు సిమెంటుతో పోసుకున్న దిమ్మెలే ఎక్కువ. పికప్పుకు ఏడంగుళాలకు పైనే సందుంటుంది. వానాకాలంలో కాలనీ సందుల్లో నీళ్లు నిలిచినప్పుడు గుంత ఎంత లోతో తెలియకపోయినా పికప్పు దిగుతుంది. కారు యజమాని బీమా కంపెనీ నంబరు వెతుక్కుంటాడు.

వెనక్కి వెళ్లి పికప్పు కిందికి వంగి చూడండి. ఇరుసు మీద ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టి ఉంటాయి. కమాన్ పట్టీలు అంటారు. పైది పొడుగు, కిందికి పోయేకొద్దీ పొట్టి. వనస్థలిపురం ఆటోనగర్‌లో ఈ పట్టీల పని మీదే బతికే షెడ్లున్నాయి. బండిని జాకీల మీద లేపి, యూ బోల్టులు విప్పి, కట్టను కిందికి దింపుతారు. ఏ పట్టీ విరిగిందో మేస్త్రీ చూపు వేయకుండానే సుత్తితో తట్టి, మోగిన తీరును బట్టి చెప్పేస్తాడు. వంపు పోయిన పట్టీకి మళ్లీ వంపు తెస్తారు, విరిగినదాన్ని మారుస్తారు. మరీ ఎక్కువ లోడు కొట్టే వాళ్లు ఒక పట్టీ అదనంగా వేయించుకుంటారు. పాత పికప్పు ముసలిదైనా ఇలా ముక్క ముక్కగా కొత్తదవుతూ ఉంటుంది. క్లచ్ ప్లేటు ఒక ఏడు, తొట్టి ఇనుప రేకు మరో ఏడు, ఇంజను బోరు ఇంకో ఏడు. విడిభాగం ఆటోనగర్‌లో దొరుకుతుంది, విప్పే మనిషి పక్క షెడ్డులోనే ఉంటాడు. స్పోర్ట్స్ కారుకు చిన్న ప్లాస్టిక్ ముక్క కావాలన్నా కంపెనీకి ఆర్డరు వెళ్లాలి, అది సముద్రం దాటి రావాలి.

అయితే ఈ పట్టీలతో ఒక చిక్కుంది. అవి బరువు కోసం కట్టినవి. టన్నున్నర వేస్తే బుద్ధిగా కూర్చుంటాయి. ఖాళీగా పోతే గట్టిగా ఉండి, వెనక భాగాన్ని ఎగరేస్తాయి. తడి రోడ్డు మీద ఖాళీ పికప్పు వెనక చక్రాలకు పట్టు తక్కువ. గట్టిగా బ్రేకు వేస్తే తోక పక్కకు తిరుగుతుంది. లోడు దింపి ఇంటికి పోయే డ్రైవరు, పని అయిపోయింది కదా అని తొందరపడేది సరిగ్గా అప్పుడే. ఈ విషయంలో కారు ముందు పికప్పు దిగదుడుపే. కారు నేలకు అతుక్కుపోతుంది, మలుపులో వంగదు, బ్రేకు వేస్తే వేసిన చోట ఆగుతుంది.

ఇక ఈ బండ్లతో జరిగే పని. ఇల్లు మారడానికి పికప్పు మాట్లాడుకున్న వాళ్లకు ఈ సంభాషణ తెలుసు.

“ఏడికి పోవాలె సార్?”

“కొత్తపేట నుంచి బీఎన్ రెడ్డి నగర్, అన్నా.”

“ఎన్నో ఫ్లోరు? లిఫ్టున్నదా?”

“ఇక్కడ మూడో ఫ్లోరు. లిఫ్టుంది గానీ అందులో సామాను పెట్టనివ్వరు.”

“బీరువా ఉన్నదా? డబుల్ కాటా, విప్పుతదా? ఫ్రిజ్జు ఎంతది?”

గమనించారా, దూరం గురించి ఒక్క ప్రశ్నే. మిగతా ప్రశ్నలన్నీ మెట్ల గురించి, బరువు గురించి. కిరాయి తేలేది అక్కడే. బండి రోడ్డు మీద తిరిగేది అరగంట. ఎక్కించడానికి రెండు గంటలు, దించడానికి రెండు గంటలు. నాలుగున్నర గంటల పనిలో, ఆ అరగంట ప్రయాణాన్ని ఎంత వేగంగా చేసినా, మొత్తంలో మిగిలేది పది నిమిషాలు. దానికన్నా ఇద్దరు హమాలీలు ఎక్కువుంటే గంట మిగులుతుంది. అందుకే పికప్పు యజమాని తన బండి ఎంత వేగంగా పోతుందని ఎన్నడూ చెప్పుకోడు. తొట్టి ఎన్ని అడుగుల పొడుగో చెబుతాడు. 911లో ఇంజను వెనక ఉంటుంది, సామాను చోటు ముందు. సుమారు 130 లీటర్లు. పాతిక కిలోల బియ్యం బస్తాలు లెక్క ప్రకారం నాలుగు పడతాయి. ఆ కారులో బియ్యం తెచ్చుకునే వాళ్లు ఉన్నారో లేదో కానీ, లెక్క అది.

ఈ వైపు పికప్పులు ఇంతగా ఉండటానికి కొత్తపేట పండ్ల మార్కెట్టు కూడా ఒక కారణం. గడ్డిఅన్నారం మార్కెట్టని కూడా అనేవాళ్లు. మామిడి రోజుల్లో జిల్లాల నుంచి లారీల్లో వచ్చిన కాయ, ఇక్కడి నుంచి చిన్న బండ్లలో ఊరంతా పంపకమయ్యేది. పెద్ద లారీలను పగలు ఊళ్లోకి రానివ్వరు కాబట్టి, ఆ మధ్య పని చిన్న బండ్లదే. 2021లో మార్కెట్టును అక్కడ మూసి, అబ్దుల్లాపూర్‌మెట్ అవతల బాటసింగారానికి తరలించారు. పాత చోట టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. మార్కెట్టు పోయింది కానీ పికప్పులు పోలేదు, వాటికి దూరం పెరిగింది. ఇంతకు ముందు రెండు సందులు తిరిగి వచ్చే పండ్ల బుట్టలు ఇప్పుడు హైవే మీదుగా వస్తున్నాయి. తోపుడు బండి మీద కాయ ధరలో ఆ డీజిల్ కూడా కలిసి ఉంటుంది.

ఇంతవరకు విని, ఈయన పికప్పు పార్టీ అనుకుంటున్నారేమో. అందుకే కారును దాని సొంత దారి మీద కూడా చూద్దాం. దానికీ మన హైదరాబాదులోనే ఒక కథ ఉంది, అది మొదలయ్యేది జహీరాబాద్‌లో.

1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ పేరు పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఫ్రిజ్జులు, వాచీలు, డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు. 1980ల్లో మన దేశంలో జపాను కంపెనీలతో కలిసి చిన్న ట్రక్కులు కట్టే వరస ఒకటి వచ్చింది. డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి, వాటితో పాటు మన ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులు తయారైంది జహీరాబాద్‌లో. 1989లో దాన్ని మహీంద్రా తీసుకుంది. ఇవాళ్టికీ అక్కడ మహీంద్రా వాళ్ల ఫ్యాక్టరీ నడుస్తోంది.

అదే మహీంద్రా 2015లో ఇటలీలోని పినిన్ఫరీనా అనే డిజైను సంస్థను కొన్నది. కార్ల ఒంపుసొంపులు తీర్చడంలో ప్రపంచమంతా పేరున్న సంస్థ. ఆ పేరుతోనే బాటిస్టా అని ఒక విద్యుత్ స్పోర్ట్స్ కారు వచ్చింది. దాదాపు 1900 హార్స్‌పవర్. నిలబడ్డ చోటు నుంచి రెండు సెకన్ల లోపే వంద కిలోమీటర్ల వేగం. కట్టేది 150 కార్లే. మన నాలుగు కిలోమీటర్ల దారి భాషలో చెప్పాలంటే, ఒక మెట్రో స్తంభం దగ్గర బయలుదేరి ఇంకో స్తంభం చేరేసరికి వంద అందుకుంటుంది.

ఆ కారును 2023 ఫిబ్రవరిలో హైదరాబాదుకు తెచ్చి చూపించారు. ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే విద్యుత్ రేసు కార్ల పోటీ జరిగింది. ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు కలిపి 2.8 కిలోమీటర్ల ట్రాకు, 18 మలుపులు. ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ పోటీల్లో మొదటి నుంచీ ఉన్న జట్లలో మహీంద్రా జట్టు ఒకటి. ఆ ఒక్క రోజు కోసం రోడ్లు మూసి, గోడలు పేర్చి, కంచెలు కట్టారు. నగరం ఆ కార్లకు కావలసిన దారి ఇచ్చింది. తర్వాత ఏడాది జరగాల్సిన పోటీ 2024 జనవరిలోనే రద్దయింది. బాటిస్టా తన అసలు వేగం చూపించడానికి మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడ నాట్రాక్స్ అనే పరీక్షా కేంద్రంలో 11.3 కిలోమీటర్ల ట్రాకు ఉంది. దాని మీద అది 350 దాటింది.

అంటే స్పోర్ట్స్ కారు దండగ అని కాదు. దాని దారి మీద అది ఏ బండీ చేయలేనిది చేస్తుంది, ఆ నేర్పు మనదాకా వస్తుంది. 1953లో ఫ్రాన్సులో ల మాన్ అనే చోట ఇరవై నాలుగు గంటల రేసులో జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలిచింది. అప్పటికి మామూలు కార్లకు ఆ బ్రేకులు దాదాపు లేవు. ఇవాళ మన పికప్పు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులే. దారి అటు నుంచి ఇటే కాదు, ఇటు నుంచి అటూ ఉంది. ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే టర్బో ఆలోచనకు స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో పేటెంటు తీసుకున్నాడు. అది ఓడల్లో వాడకానికి వచ్చి, 1938కల్లా సౌరెర్ ట్రక్కుల్లో చేరింది. స్పోర్ట్స్ కార్లలో దానికి పేరొచ్చింది 1970ల్లో, 911 టర్బో లాంటి వాటితో. లంబోర్గిని సంస్థ కూడా కార్ల కన్నా ముందు ట్రాక్టర్లు చేసింది. ట్రాక్టర్లు 1948లో, కార్లు 1963లో. ఈ రెండు రకాల బండ్లూ ఒకదాని దగ్గర ఒకటి అప్పులు చేస్తూనే పెరిగాయి.

పికప్పు తప్పులు కూడా చెప్పుకోవాలి. పాత డీజిల్ బండి పొగ ఆ దారిలో నడిచే పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు బీఎస్ 6 అనే పొగ ప్రమాణం తప్పనిసరైంది. మన ఏపీ 29 బండి ఎప్పటిదో. పంపు సర్దించుకోకుండా, ఫిల్టరు మార్చకుండా తిరిగితే ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు వెనక నల్లటి తెర వేసుకుంటూ పోతుంది. ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. తొట్టిలో మనుషులను ఎక్కించడం. పెళ్లికి, పొలం పనికి, జాతరకు. గూడ్సు బండిలో జనాన్ని తీసుకుపోవడం చట్టవిరుద్ధం. ఆ కమాన్ పట్టీలు బస్తాల కోసం కట్టినవి. తొట్టిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బెల్టు ఉండదు. బండి కొంచెం పక్కకు ఒరిగితే అందరూ ఒక వైపే పడతారు, ఆ బరువుకు బండి పూర్తిగా తిరగబడుతుంది. పేపర్లో మనం తరచూ చదివే వార్త ఇదే. రేసు కారులో ఒక్క డ్రైవరుకు ఉక్కు చట్రం, ఆరు చోట్ల బెల్టు, హెల్మెట్టు. తొట్టిలో పాతిక మందికి ఒక తాడు.

ఇక తీర్పు. మీరు ఈ దారిలో బండి కొనుక్కునే వారైతే, బ్రోచరులో ఉన్న పెద్ద అంకె మీద కాదు, అందులో మీరు ఎంత వాడుకోగలరన్న దాని మీద చూడండి. పికప్పు తనకున్న దాంట్లో చాలా భాగం ప్రతి రోజూ వాడుతుంది. దాని మొదటి గేరు, దాని కమాన్ పట్టీలు, దాని తొట్టి, ఏదీ వృథా పోదు. స్పోర్ట్స్ కారు దిల్‌సుఖ్‌నగర్‌లో తనకున్న దాంట్లో పదో వంతు కూడా వాడలేదు. తొమ్మిది వంతుల మీద ఈఎంఐ మాత్రం ఎప్పుడూ పూర్తిగానే వస్తుంది. సరదా కోసం కొనుక్కుంటే తప్పు లేదు, సరదాకు లెక్కలు వేయకూడదు. కానీ తొందరగా చేరడం కోసం అనుకుంటే, ఎల్బీ నగర్ వెళ్లడానికి పైనే మెట్రో ఉంది, అది ఆ రెంటినీ దాటి పోతుంది.

నగరాన్ని నడిపే వాళ్లకు కూడా ఒక మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో రాత్రి ఎనిమిదింటికి రోడ్డు ఎందుకు ఆగిపోతుందో చూడండి. దుకాణం ముందు ఒక పికప్పు ఆగి ఉంటుంది, సామాను దించుతూ ఉంటారు. దానికి వేరే చోటు లేదు. దాని వెనక ఆటో, ఆటో వెనక బస్సు, బస్సు వెనక ఎప్పుడో ఒకనాడు రెండు కోట్ల కారు. అందరూ హారన్లు. ఆ డ్రైవరును తిడితే లాభం లేదు, సామాను దించకుండా దుకాణం నడవదు. ఫ్లైఓవర్ల మీద పెట్టిన డబ్బులో చిన్న వంతు పెట్టి, కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ బజార్లలో సామాను దించుకునే చోట్లు గీసి, వాటికి వేళలు పెట్టి, వాటిలో ఇతర బండ్లు నిలపకుండా కాపలా పెడితే, ఆ నాలుగు కిలోమీటర్లూ అన్ని బండ్లకూ ఒకేసారి తేలికవుతాయి. వేగం పెంచే పని ఈ దారిలో ఇంజన్ల వల్ల అయ్యేది కాదు. బండి ఆగడానికి చోటు చూపిస్తే, వెనకున్న బండి కదులుతుంది.